రాయవాచకము: మధుర కొలువువారు కనిపెట్టిన మనుష్యుల నడత

మధుర నాయకరాజుల కాలమున వెలసిన తెలుగు గ్రంథములలో రాయవాచకమునకు దక్కిన గౌరవము ఒక విధముగా విచిత్రమైనది. దాని పేరు అందరును ఎత్తుదురు. మొదటినుండి తుదివరకు చదివినవారు అరుదు. చరిత్రకారులు కృష్ణదేవరాయల దండయాత్రల వరుసను సరిచూచుకొనుటకు దీనిని తెరతురు. వరుస కుదరక విసుగుతో మూసివేయుదురు. భాషాపరిశోధకులు నాటి వాడుక వచనమునకు ఉదాహరణములను ఏరుకొని తృప్తి చెందుదురు. ఈ రెండు పనులును కావలసినవే. కాని ఈ పుస్తకము ఏ విషయమును చెప్పుటకు పుట్టినదో ఆ విషయము ఈ రెండు చదువులకును చిక్కక జారిపోవుచున్నదని నాకు తోచుచున్నది. పెక్కుమంది అధికారులు ఒక ప్రభువు క్రింద కూడి పనిచేయునపుడు ఎవరెట్లు నడచుకొందురు, ఎవరి మాటను ఎవరు నమ్ముదురు, ఆజ్ఞ ఎచట చెల్లును, ఎచట చెల్లదు? ఇదియే దాని అసలు ప్రసంగము. కొలువు అని మనము పిలుచు మానవ సమూహమును ఇంత దగ్గరగా చూచిన ప్రాచీన తెలుగు వచనము మరియొకటి నా యెఱుకలో లేదు.

గ్రంథకర్త పేరు మనకు దక్కలేదు. అతని ఉద్యోగము మాత్రము దక్కినది. అతడు విశ్వనాథనాయని స్థానాపతి. స్థానాపతి యనగా తన యేలిక పక్షమున పెద్దకొలువున నిలిచి, అచట జరుగు సంగతులను ఎప్పటికప్పుడు వ్రాసి పంపువాడు. గ్రంథమంతయు అట్టి విన్నపము రూపముననే నడచుచున్నది. కాకినాడ ఆంధ్రసాహిత్య పరిషత్తు పక్షమున జయంతి రామయ్య పంతులుగారు దీనిని పరిష్కరించి లోకమునకు అందించిరి. 1993లో దీనిని ఆంగ్లమున వెలువరించిన ఫిలిప్ వాగనర్ అను పండితుడు, ఇది రాయల సమకాలికుని జాబు కాదనియు, పదునారవ శతాబ్ది కడపటనో పదునేడవ శతాబ్ది మొదటనో మధుర కొలువున కూర్చబడినదనియు వాదించెను. రాయల తరువాతి రాజకీయ పరిస్థితులు కథలో రాయల కాలమునకు ఎక్కియుండుటయే ఆ వాదమునకు ముఖ్యమైన ఆధారము.

ఈ వాదము సరియైనచో గ్రంథమునకు విలువ తగ్గునని కొందరు భయపడుదురు. నా మతమున విలువ పెరుగును. 1565లో విజయనగరము కూలినది. కూలిన పట్టణమును తలచుకొని, వందల మైళ్ళ దూరమున, మధురలో కూర్చుండి ఒక ఉద్యోగి పాతకొలువు ఎట్లు నడచెనో, అది ఎందుచేత నడచెనో వ్రాయుచున్నాడు. అతనికి తేదీలతో పనిలేదు. పది చేతులు ఒకే పనిని చేయుట ఎట్లు సాధ్యమైనదని అతని ప్రశ్న. ఈ ప్రశ్న మధురవారికి ఊరక పుట్టినది కాదు. ఆ సంగతికి ముందు వత్తును.

మొదట మేకకన్నుల కథను చూతము. వీరనరసింహరాయలు మరణశయ్యపై నుండి, చిన్నవాడైన తన కొడుకునకు పట్టము దక్కవలెనని, కృష్ణరాయల కన్నులు తీయించి తెమ్మని సాళువ తిమ్మరుసునకు ఆజ్ఞ యిచ్చెను. తిమ్మరుసు, అనగా అప్పాజీ, కృష్ణరాయలను దాచి మేకకన్నులను తెచ్చి చూపెను. ఈ కథను పోర్చుగీసువాడైన నూనిజు కూడ వ్రాసినాడు కనుక ఇది మధురలో పుట్టిన కల్పన కాదు. దీనిని మనవారు అప్పాజీ బుద్ధికుశలతకు నిదర్శనముగా చెప్పుకొందురు. కాని కొలువు దృష్టితో చూచినచో ఇందులో ఒక చిక్కు కలదు. ప్రభువు స్పష్టముగా ఆజ్ఞాపించెను, మంత్రి దానిని నెరవేర్పలేదు, నెరవేర్చితినని బొంకెను. అయినను గ్రంథకర్త అతనిని రాజద్రోహి యనడు. అంతకుమించిన సేవకుడు లేడనును. అనగా గ్రంథకర్త దృష్టిలో సేవకుని విశ్వాసము సింహాసనమునకు చెందినదే కాని దానిపై ఆనాడు కూర్చున్న మనుష్యునికి కాదు.

అమెరికాలో న్యూజెర్సీ బెల్ టెలిఫోను సంస్థకు అధ్యక్షుడుగా నుండిన చెస్టర్ బార్నార్డు 1938లో ఉద్యోగనిర్వాహకుల కర్తవ్యములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆజ్ఞకు గల అధికారము ఇచ్చువానియందు గాక పుచ్చుకొనువాని అంగీకారమున నున్నదని అతని ప్రధాన సిద్ధాంతము. సంస్థ ప్రయోజనమునకు విరుద్ధమని తోచిన ఆజ్ఞను మనుష్యుడు తలదాల్చడని అతడు చెప్పెను. ఈ సిద్ధాంతమును మన స్థానాపతి సిద్ధాంతముగా చెప్పలేదు. ఒక మేకను చంపించి చెప్పినాడు. అయితే బార్నార్డు చెప్పని సంగతిని ఒకదానిని కూడ చూపినాడు. ఎదిరించుటకు వీలులేనిచోట సేవకుడు ఎదిరింపడు. ఆజ్ఞ నెరవేరినట్లు కాగితమును, లేదా కన్నులను, సిద్ధపరచును. పై అధికారి తృప్తితో కన్నుమూయును. ఏ కచేరీలోనైనను పదియేండ్లు పనిచేసినవారు దీనిని చదివి నవ్వుకొనకపోరు.

ఇచట ఆముక్తమాల్యదను తలచుట తప్పదు. ఆ కావ్యపు కథ మనకు దూరమైనది కాదు. విల్లిపుత్తూరును, మధుర పాండ్యుని సభయును దానికి రంగస్థలములు. అందు నాల్గవ ఆశ్వాసమున యామునాచార్యుడు కొడుకునకు చెప్పిన రాజనీతి కలదు. అది రాయలు స్వయముగా అనుభవించి తెలిసికొన్న నీతియని విమర్శకులందరును అంగీకరింతురు. అందలి ఒక ఉపదేశము నన్ను ఎప్పుడును ఆకర్షించును. తక్కువ స్థితినుండి ఒకనిని ఒక్కసారిగా పైకెత్తి, పిదప కొంచెము తగ్గించినచో, వాడు తన పూర్వస్థితిని తలచుకొనడు. తగ్గినదానినే తలచి పగబూనును. కనుక మెల్లమెల్లగా పెంచవలెనట. ఇంత చిన్న మాటలో ఎంత మనుష్యజ్ఞానము కలదో చూడుడు. జీతపుపట్టీలు తయారుచేయువారు నేటికిని దీనిని మరచి చిక్కులపాలగుదురు.

అయితే రాయల నీతికిని రాయవాచకపు నీతికిని ఒక భేదము కలదు. రాయలు పైనుండి చూచుచున్నాడు. ఎవనిని ఎట్లు పెంచవలె, ఎవనిని ఎట్లు కనిపెట్టవలె అని అతని ఆలోచన. స్థానాపతి ప్రక్కనుండి చూచుచున్నాడు. ప్రభువును ఎట్లు ఒప్పింపవలె, ఏ మాటను ఎపుడు చెవిని వేయవలె, ఏ మాటను దాచవలె అని ఇతని ఆలోచన. ఒకే గదిని రెండు వాకిళ్ళనుండి చూచినట్లున్నది. రెండును కలిపి చదువనివారికి ఆ గది పూర్తిగా కనబడదు.

గ్రంథమునకు గుండెకాయ వంటిది గజపతి ఘట్టము. శాసనములను బట్టి చూచినచో రాయల కళింగ దండయాత్ర 1513లో ఉదయగిరి ముట్టడితో మొదలై, 1515లో కొండవీడు పట్టుకొనుటతో ముందుకు సాగి, కొన్నేండ్లకు ప్రతాపరుద్ర గజపతితో సంధిగా ముగిసినది. ఇది కోటలను పట్టుకొనిన కథ, సైన్యముల కథ. రాయవాచకమున విజయము మరియొక విధముగా వచ్చినది. గజపతికి పదునార్గురు పాత్రులు, అనగా మహాశూరులైన సామంతాధికారులు, కలరు. వారు కూడియున్నంతకాలము గజపతిని గెలుచుట దుస్సాధ్యము. అప్పాజీ ఆ పదునార్గురి పేర పదునారు జాబులు వ్రాయించెను. మీరు చెప్పి పంపిన ప్రకారము మీ ప్రభువును పట్టి యిచ్చినచో మేము ఒప్పుకొన్న బహుమానము ఇదిగో అని వాటి సారాంశము. జాబులతోపాటు పెట్టెలలో ధనమును ఉంచి, అవి దారిలో గజపతి మనుష్యులకు చిక్కునట్లు పంపించెను. గజపతి వాటిని చదువుకొనెను. ఎవరినీ పిలిచి అడుగలేదు. ఆ రాత్రియే పట్టణము విడిచి పారిపోయెను.

ఈ కల్పనకు మూలము వెదకుట కష్టము కాదు. విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుడు దొంగజాబుతోడనే మలయకేతునకు రాక్షసునిపై అనుమానము పుట్టించి, అతని పక్షపు రాజులను అతనిచేతనే చంపించెను. 1544లో షేర్షా మార్వాడ రాజైన మాల్దేవుని ఇట్టి జాబులతోనే బెదరగొట్టెనని చెప్పుదురు. పంచతంత్రపు మిత్రభేదము కూడ ఈ వంశమునకు చెందినదే. కనుక కథ క్రొత్తది కాదు. అంతమాత్రమున స్థానాపతి కేవలము అనుకర్త యని తేల్చుట తొందరపాటు. మిత్రభేదమున దమనకుడు కొలువులోపలివాడు. సింహమునకును ఎద్దునకును నడుమ తిరిగి చాడీలు చెప్పినవాడు. మలయకేతుడు మోసపోయి కోపించి దండించెను. రాయవాచకమున లోపల చాడీకోరు లేడు. పదునార్గురిలో ఒక్కడును తప్పు చేయలేదు, తనపై అనుమానము పుట్టినదని కూడ ఎరుగడు. గజపతి ఎవరిపైనను కోపింపలేదు, ఎవరిని దండింపలేదు. ఏ ద్రోహమును జరుగకయే ఒక మహాకొలువు ఒక రాత్రిలో చెడిపోయినది.

ఎందుచేత? పదునార్గురు విశ్వాసపాత్రులే, అయినను వారిలో ఏ యొక్కని విశ్వాసమైనను గజపతికి కంటికి కనబడు వస్తువు కాదు. నిన్నటివరకు దానిని అడుగవలసిన అవసరము రాలేదు కనుక అతడు నమ్మెను. జాబు రాగానే అడుగవలసి వచ్చినది. కాని ఎవరిని అడుగును? మొదటివానిని గూర్చి రెండవవానిని అడుగవలెను. రెండవవాని పేర కూడ జాబు కలదు. ఒక్కనికి వ్రాసియుండినచో మిగిలిన పదునేనుగురును సాక్ష్యము చెప్పియుందురు. అప్పాజీ ఉపాయములోని పసయంతయు ఆ సంఖ్యలో నున్నది. సాధారణముగా కథకులు సంఖ్యలను అలంకారముగా వాడుదురు. ఇచట సంఖ్యయే యంత్రము. ఈ ఘట్టమును ఊహించినవాడు కొలువులలో మసలి, ఒక పుకారు పుట్టిన నాడు పదిమంది గది గోడల నానుకొని మాటలాడక నిలుచుటను కన్నులార చూచినవాడై యుండవలెను.

నేను కొన్నియేండ్లు ఒక సంఘమునకు కార్యదర్శిగా నుంటిని. దాని పేరు ఇచట అప్రస్తుతము. ఒక సభ్యుడు మరియొక సభ్యునికి వ్రాసిన కార్డు చిరునామా పొరపాటున అధ్యక్షులవారికి చేరినది. అందులో ద్రోహమేమియు లేదు. వార్షికోత్సవపు విందు ఖర్చును గూర్చి ఒక వేళాకోళము మాత్రము కలదు. ఆ తరువాతి మూడు సమావేశములలో ఏ తీర్మానమును ఎవరును ప్రతిపాదింపలేదు. కార్డు సంగతి ఒక్కరును ఎత్తలేదు. నాల్గవ సమావేశమునకు సభ్యుల సంఖ్య చాలక వాయిదా వేసితిమి. ఆనాడు ఇంటికి వచ్చి గజపతి ఘట్టమును మరల చదివితిని. అంతకుముందు అతనిని పిరికివాడని తలచెడివాడను.

గ్రంథమునకు గల పెద్దలోపమును కూడ చెప్పవలసియున్నది. అప్పాజీ ఎన్నడును తప్పు చేయడు. అతడు వేసిన ప్రతి యెత్తును పారును. మంత్రివర్గమునకు చెందినవాడు మంత్రులను గూర్చి వ్రాయునపుడు కలుగు పక్షపాతమిది. అంతకన్న ముఖ్యమైనది, అతడు చెప్పక విడిచిన కథ. నూనిజు వ్రాసినదానిని బట్టి రాయల చిన్నకొడుకు చనిపోగా, తిమ్మరుసే విషము పెట్టించెనను అనుమానముతో రాయలు అతనిని చెరలో నుంచి కన్నులు తీయించెను. రాయవాచకము దీనిని ఎత్తనైన ఎత్తదు. ఎవని కన్నులను కాపాడెనో వాడే తన కన్నులను తీయించుట యను ఈ దారుణము మధుర ఉద్యోగుల చెవిని పడియుండదని నమ్ముట కష్టము. తెలిసియు విడిచిరేమో. విడుచుటకు కారణము ఊహింపవచ్చును. ఈ కథను చేర్చినచో గజపతి ఘట్టము తలక్రిందులగును. శత్రువు కొలువులో అప్పాజీ నాటిన అనుమానమను విత్తనము తన ప్రభువు కొలువులో తనమీదనే మొలకెత్తినదని ఒప్పుకొనవలసి వచ్చును. మరణదండన పడినవానికి మూడుమారులు మొరపెట్టుకొను అవకాశము ఈయవలెనని ఆముక్తమాల్యదలో బోధించిన రాజే, నూనిజు చెప్పినది నిజమైనచో, తన తండ్రివంటి మంత్రి విషయమున ఆ ఓర్పును చూపలేకపోయెను. నీతిని తెలిసియుండుటకును ఆ క్షణమున దానిని పాటించుటకును నడుమగల దూరమును స్థానాపతి వ్రాసియున్నచో అతని గ్రంథము ఇంకను గొప్పదై యుండెడిది.

ఇక మధుర సంగతి. నాగమనాయని కథ మన ఇండ్లలో అందరికిని తెలిసినదే. పాండ్యమండలమునకు పంపబడిన నాగమనాయడు దానిని తిరిగి యీయక స్వతంత్రించెననియు, అతనిని పట్టితెచ్చుటకు కొడుకైన విశ్వనాథుడే పూని, తండ్రిని ఓడించి రాయల యెదుట నిలిపెననియు, రాయలు మెచ్చి తండ్రిని క్షమించి కొడుకునకు మధుర నిచ్చెననియు ఐతిహ్యము. చరిత్రదృష్టితో దీనిలో చిక్కులున్నను, మధుర రాజ్యము తన పుట్టుకను గూర్చి తానే చెప్పుకొనిన కథ యిది. దూరమున నున్న అధికారి పెద్దకొలువునకు లోబడియుండునా అను సంశయముతోనే ఈ రాజ్యము పుట్టినది. అందుచేతనే మధురలోని ఉద్యోగి కలమునకు నమ్మకము, అనుమానము అనునవి ఇంత సహజమైన వస్తువులైనవి.

విశ్వనాథుడును దళవాయి అరియనాథ మొదలియారును కలిసి ఈ సంశయమునకు ఒక కట్టుబాటును కనుగొనిరి. దేశమును డెబ్బదిరెండు పాళెయములుగా విభజించి, మధుర కోటకు గల డెబ్బదిరెండు బురుజులలో ఒక్కొక్కదానిని ఒక్కొక్క పాళెగానికి అప్పగించిరని చెప్పుదురు. పాళెయపు రాబడిలో మూడవవంతు నాయకునికి, మూడవవంతు సైన్యమునకు, మిగిలినది పాళెగానికి. ఈ ఏర్పాటును చరిత్రకారులు రక్షణతంత్రముగను, పన్నుల పద్ధతిగను వర్ణించిరి. నేను దీనిని గజపతి ఘట్టపు ప్రక్కన పెట్టి చదువుచున్నాను. పదునార్గురు పాత్రుల విశ్వాసము కంటికి కనబడలేదు. డెబ్బదిరెండు బురుజులు కనబడును. ఏ బురుజున మనుష్యులున్నారో, ఏది శూన్యముగ నున్నదో గోడ చుట్టును ఒకసారి తిరిగినవాడు చెప్పగలడు. జాబులతో పనిలేదు. అయితే ఇందును ఒక కీడు కలదు. తన బురుజును కాచువానికి ప్రక్క బురుజుతో పొత్తు లేదు. పాళెగాండ్రందరును మధురవైపు చూచిరి; ఒకరివైపు ఒకరు చూచుకొనుట అలవాటు కాలేదు. 1736లో నాయకరాజ్యము అంతరించిన పిదప చూచుటకు మధురయును లేదు. 1799లో పాంచాలంకురిచ్చి కట్టబొమ్మ నాయకుడు ఆంగ్లేయులను ఎదిర్చినపుడు, పొరుగుననున్న ఎట్టయాపురము వారు ఆంగ్లేయుల పక్షమున నిలిచిరి. రెండును తెలుగు పాళెయములే.

రాయవాచకమున ఈ పాళెగాండ్ర గొంతు వినబడదు. స్థానాపతికి కొలువనగా రాజు, మంత్రి, వేగులవారు, పరరాజుల మంత్రులు. బురుజుమీద రాత్రి కాపున్నవాడు ఏమనుకొనెనో అతనికి అక్కరలేదు. ఆ కొరతను తీర్చు సామగ్రి వేరొకచోట కలదు. కర్నలు మెకంజీ సేకరింపించిన దక్షిణ పాళెయముల వంశావళులలో క్రిందివారు తమ సేవను తామే చెప్పుకొనిరి. ఏ యుద్ధమున ఎవరు పడిరి, దానికి ఏ బిరుదు వచ్చినది, ఏ మర్యాద ఎవరికి తగ్గినది అని లెక్క వ్రాసిపెట్టిరి. తగ్గిన మర్యాదల లెక్క పెరిగిన మర్యాదల లెక్కకన్న వివరముగా నుండును. ఆముక్తమాల్యద చెప్పినది నిజమే. ఇవి పొగడ్తలని త్రోసివేసినవారు కలరు. రాయవాచకమును మాత్రము మరియేమందురు? అదియును మంత్రుల వంశావళియే కదా.

భాషను గూర్చి రెండు మాటలు చెప్పి విరమింతును. ఇట్టి విషయము పద్యమున ఇమిడెడిది కాదు. జాబు, విన్నపము, వేగు, లెక్క ఇవన్నియు వచనముననే పుట్టినవి. మధురలో తెలుగువచనము ఇంత ముందుగా బలపడుటకును, విజయరంగ చొక్కనాథుని కాలమున రాజు స్వయముగా శ్రీరంగమాహాత్మ్యమును, మాఘమాహాత్మ్యమును వచనముగా వ్రాయుటకును, సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతమును వచనమున రచించుటకును, కచేరీలో రోజూ కలము పట్టిన ఈ ఉద్యోగివర్గము వేసిన బాట కొంత కారణమై యుండవలెను. రాయవాచకపు వాక్యములలో కర్త దూరముగను క్రియ ఇంకను దూరముగను ఉండి, నడుమ ఒకరు చెప్పిన మాటలో మరియొకరు చెప్పిన మాట దూరియుండును. దీనిని శైలీదోషమనిరి. ఒకని మాటను మరియొకడు మోసుకొని వచ్చుటయే వృత్తియైన చోట వాక్యము అట్లుగాక మరియెట్లుండును?

మధురకోట గోడ నేడు లేదు. కలెక్టరు బ్లాక్‌బర్ను కాలమున, 1840ల ప్రాంతమున, దానిని పడగొట్టి అగడ్తను పూడ్చి వీధులు వేసిరి. ఆ పనిని నడపినవారి పేర మారెట్టు వీధియు, పెరుమాళ్ మేస్త్రి వీధియు నిలిచియున్నవి. డెబ్బదిరెండు బురుజులలో ఏది ఏ పాళెయమునకు చెందినదో తెలుపు పట్టికను, వంశావళులనుండి ఏరి, రాయవాచకమునకు అనుబంధముగా చేర్చి ముద్రించుట మన సంఘమువంటి సంస్థ పూనదగిన పని. అరియనాథుడు 1569లో కట్టించిన వేయికాళ్ళ మంటపపు వాకిట అశ్వారూఢుడైన అతని విగ్రహము ఇప్పటికిని ఉన్నది. ఆ పనికి పూనినవారు అచటినుండి నడక మొదలిడవచ్చును.